పార్ట్ వన్: తెలుగు

మా నాయన మద్రాసు పెరంబూరులోని రైలుపెట్టెల ఫ్యాక్టరీ ఐ.సి.ఎఫ్.లో వెల్డరు. షెల్ డివిజన్‌లో రైలుపెట్టెలకు అతుకులు వేసే పని. అతుకులో వెంట్రుకవాసి సందు మిగిలినా వానాకాలంలో పెట్టెలోకి నీళ్లు దిగుతాయని, ఆ నీళ్లు సరిగ్గా ఎవడో ముసలాయన నెత్తిమీదే పడతాయని అనేవాడు. కాలేజీ అప్లికేషన్ల దగ్గర కూడా ఆయనది అదే పద్ధతి. ఫారంలో ఒక్క గడి ఖాళీగా కనపడకూడదు. ఎన్.సి.సి. ఉందా అనే చోట ‘లేదు’, ఆటల్లో బహుమతులు అనే చోట ‘లేదు’, మాజీ సైనికుడి సంతానమా అనే చోట ‘కాదు’. అన్నీ నా చేత రాయించాడు. ఇన్ని లేదులు, కాదులు రాస్తుంటే నాలో ఏముందో నాకే అనుమానమొచ్చింది.

ఆ ఫారాలన్నిటిలో మా నాయన పట్టించుకోకుండా నాకు వదిలేసిన గడి ఒకటే. పార్ట్ వన్ లాంగ్వేజ్. అందులో రాయడానికి ఆలోచించేదేముంది, ‘తెలుగు’ అని రాసి పక్క గడికి పోయాను. మేజర్ ఏది పెట్టాలని మూడు వారాలు ఇంటిల్లిపాదీ కొట్టుకున్నాం. చివరికి నేను ఏ కాలేజీలో ఏ సబ్జెక్టు చదవాలో తేల్చింది మాత్రం ఆ గడే.

అది 1988. ఎం.జి.ఆర్. పోయిన మరుసటి ఏడు. మద్రాసులో రాష్ట్రపతి పాలన. మార్చిలో ప్లస్ టూ పరీక్షలు రాశాను, మే నెల కత్తిరి ఎండల్లో ఫలితాలొచ్చాయి. పేపర్లో మా స్కూలు నంబర్ల వరస వెతికి, నా నంబరు మీద మా నాయన పెన్సిలుతో సున్నా చుట్టాడు. మార్కులు తెలిసింది తరవాత స్కూలుకు పోయినప్పుడు. 1200కి 941. లెక్కలు 178, ఫిజిక్స్ 171. పెరంబూరులో మా ఇళ్ల వరసలో అప్పటికి అవే పెద్ద మార్కులు, కాబట్టి రెండు రోజులు నన్ను నీళ్ల లారీ దగ్గరికి బిందెలతో పంపలేదు. మూడో రోజు నుంచి మళ్లీ మామూలే.

తమిళనాడులో చదవనివాళ్లకు ఈ పార్టుల సంగతి కాస్త చెప్పాలి. అప్పట్లో మద్రాసు యూనివర్సిటీ డిగ్రీలో పార్ట్ వన్ అంటే భాష. తమిళం గానీ, తెలుగో హిందీయో సంస్కృతమో ఫ్రెంచో మరొకటి గానీ. పార్ట్ టూ ఇంగ్లీషు. పార్ట్ త్రీలో మేజరు, దానికి తోకల్లాంటి రెండు యాన్సిలరీ సబ్జెక్టులు. లెక్కలు మేజరయితే ఫిజిక్సు, స్టాటిస్టిక్సు లాంటివి యాన్సిలరీ. అందరి కళ్లూ పార్ట్ త్రీ మీదే. ఉద్యోగం ఇచ్చేది అదే కదా. పార్ట్ వన్ అంటే పెళ్లిలో తాంబూలం లాంటిది, ఉంటుంది, ఎవరూ దాని కోసం పెళ్లికి పోరు.

నేను జార్జిటౌన్ వైపు తెలుగు చెప్పే స్కూల్లో చదివాను. తమిళం నోటితో గడగడా మాట్లాడతాను, కొట్లాడతాను, బస్సు బోర్డులు చదువుతాను. రాయమంటే మాత్రం నా చెయ్యి వంకర్లు పోతుంది. ఆ రోజుల్లో అది పెద్ద లోటు అనిపించలేదు. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక, ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున పాకి, పదేళ్లలో పదో తరగతి దాకా వచ్చింది. ఇప్పుడు మా పేట తెలుగు పిల్లలు నాకన్నా చక్కగా తమిళం రాస్తారు. తెలుగు రాయడం సంగతి అడక్కండి.

మా నాయన మొదటి కోరిక ఇంజనీరింగే. ఆయన చూసిన ప్రపంచంలో గ్లాసుగదిలో ఫ్యాను కింద కూర్చునేవాడు ఇంజనీరు, దాని బయట నిప్పురవ్వల మధ్య నిలబడేవాడు వెల్డరు. అప్పట్లో దానికి ప్లస్ టూ మార్కులు మాత్రమే చాలవు, ఎంట్రన్సు రాయాలి. 1984లో పెట్టారు ఆ పరీక్ష. కోచింగుకు డబ్బుల్లేవు, గైడు ఒకటి మూర్ మార్కెట్ పాత పుస్తకాల వాళ్ల దగ్గర కొన్నాం. ఎవరో అప్పటికే జవాబులన్నీ టిక్కు పెట్టేసి ఉన్నారు, అందులో సగం తప్పులు. నా కటాఫ్ గిండీ ఇంజనీరింగు కాలేజీ దరిదాపులకు పోలేదు. అప్పుడే కొత్తగా వెలుస్తున్న ప్రైవేటు కాలేజీ ఒకదానికి మా నాయన ఒక ఆదివారం ఒక్కడే పోయి విచారించి వచ్చాడు. వచ్చి, చొక్కా మేకుకు తగిలించి, మంచినీళ్లు తాగి, “డిగ్రీ కూడా మంచిదేలే అబ్బయా” అన్నాడు. వాళ్లు ఎంత అడిగారో ఇప్పటికీ నాకు తెలియదు.

పక్క వాటాలో రిటైరైన రైల్వే గార్డు ఉండేవాడు. మా నాయనకు అన్న వరస, నేను పెదనాయనా అనేవాణ్ణి. ఆయన ఇంట్లో టీవీ ఉంది కాబట్టి ఆదివారం రామాయణం చూడటానికి సగం వీధి అక్కడే. ఒకనాడు సీరియల్ అయిపోయాక నా చదువు మీద సభ తీర్చారు. ఒకాయన బి.కాం. అన్నాడు, బ్యాంకు పరీక్షలకు బాగుంటుందని. ఇంకొకాయన డిగ్రీ ఎందుకు, ఐ.సి.ఎఫ్.లోనే అప్రెంటిస్‌గా వేసెయ్, స్టయిపెండు వస్తుందన్నాడు. మా అమ్మ మాత్రం వాకిట్లో నిలబడే “వాడికేది ఇష్టమో వాణ్ణడగండి” అంది. అందరూ నా వైపు తిరిగారు. నాకేమిష్టమో నాకు తెలిస్తే కదా. ఫిజిక్స్ అన్నాను. స్కూల్లో ఫిజిక్స్ సారు బాగా చెప్పేవాడు, అంతకు మించి కారణం లేదు.

పెదనాయన అప్పుడు రాధాకృష్ణన్ కథ చెప్పాడు. ఆ ఏడు సెప్టెంబరుకు ఆయన శతజయంతి, పేపర్లలో అప్పుడే రాస్తున్నారు. తిరుత్తణిలో పుట్టిన తెలుగువాడు, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బి.ఏ. చేరేటప్పుడు ఏం చదవాలో ఆయనకూ తెలియదట. వరసకు అన్న అయ్యే ఒకాయన అదే కాలేజీలో ఫిలాసఫీ చదివి పాసై తన పుస్తకాలు ఇచ్చాడట. పుస్తకాలు ఊరికే వచ్చాయి కాబట్టి ఫిలాసఫీ తీసుకున్నాడు, రాష్ట్రపతి అయ్యాడు. “కాబట్టి పాత పుస్తకాలు ఎవరి దగ్గరున్నాయో ముందు కనుక్కోండి” అని ముగించాడు పెదనాయన. ఆయన హాస్యానికి అన్నాడో నిజంగా అన్నాడో తెలియదు గానీ, మా నాయన మర్నాడే ఫ్యాక్టరీలో విచారించాడు. బాటనీ పుస్తకాలు ఉన్నాయన్నారట. నేను ప్లస్ టూలో బయాలజీ తీసుకోలేదు, బతికిపోయాను.

ఇక ఫారాలు. ఇప్పటి పిల్లలకు ఇది చెబితే నమ్మరు. ప్రతి కాలేజీకీ విడిగా పోవాలి, లైన్లో నిలబడాలి, డబ్బు కట్టి ఫారం కొనుక్కోవాలి, నింపి మళ్లీ పోయి ఇవ్వాలి, లిస్టు పెట్టారా లేదా చూడటానికి మళ్లీ పోవాలి. ఒక కాలేజీకి మూడు ప్రయాణాలు. ఐదు కాలేజీలకు ఎన్నో మీరే లెక్కేసుకోండి. నుంగంబాక్కంలో లయోలా, అమింజికరై వైపు పచ్చయప్ప, తాంబరంలో క్రిస్టియన్, ఇలా మద్రాసు భూగోళమంతా ఆ మే, జూన్ నెలల్లోనే నాకు అర్థమైంది. 29సి బస్సులో పెరంబూరు నుంచి జెమినీ బ్రిడ్జి దాకా నిలబడే పోయేవాణ్ణి. లైన్లలో అప్పుడప్పుడే మీసాలొస్తున్న కుర్రాళ్లు, వాళ్ల పక్కన గొడుగులు పట్టుకున్న తండ్రులు. కుర్రాళ్లు ఒకరినొకరు మార్కులెన్నని అడిగేవాళ్లు. ఎవడైనా పదకొండొందలు అంటే ఆ చుట్టుపక్కల ఓ నిమిషం మాటలుండేవి కావు.

అన్నిటికన్నా కష్టం గెజిటెడ్ సంతకం. మార్క్‌షీటు, టి.సి., కులం సర్టిఫికెట్ నకళ్ల మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం పెట్టి స్టాంపు వెయ్యాలి. మా నాయన ఇరవై ఏళ్లుగా ఆ ఫ్యాక్టరీలో ఉన్నాడు, ఆఫీసర్ల గది లోపలికి పోయింది అప్పుడేనట. ఆ ఆఫీసరు తమిళాయన. ఆకుపచ్చ ఇంకుతో సంతకాలు పెడుతూ “పిల్లవాడికి లెక్కల్లో ఇంత వచ్చిందా?” అన్నాడట. ఆ మాట మా నాయన ఆ రాత్రి మూడుసార్లు చెప్పాడు. మూడోసారికి ఆఫీసరు కుర్చీలోంచి లేచి నిలబడినట్టు కూడా తయారైంది.

ప్రెసిడెన్సీ కాలేజీలో మాత్రం ఒక పొరపాటు జరిగింది. సబ్జెక్టుకో ఫారం కొనాలి. కౌంటరు దగ్గర మా నాయన “రెండు” అన్నాడు, ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుందని. ఆ గుమాస్తా “రెండోది దేనికి, ఏ సబ్జెక్టు?” అని అడిగితే తడుముకుని, ఆఫీసరు మాట గుర్తొచ్చి “మ్యాథ్స్” అన్నాడు. డబ్బులు కట్టాం కదా, ఊరికే పోనివ్వడం ఎందుకని అది కూడా నింపాం. ఇంట్లో ఎవరూ దాని గురించి తరవాత తలుచుకోలేదు.

జూన్ మూడో వారంలో వేరే ఒక కాలేజీలో ఫిజిక్స్ లిస్టులో నా పేరు వచ్చింది. ఆ కాలేజీ పేరు చెప్పను. మంచి పేరున్నదే. లిస్టు చూసి వచ్చిన సాయంత్రం మా అమ్మ సేమియా పాయసం చేసింది. మర్నాడు ఫీజు ఆరువందల చిల్లర కట్టాం, ఒరిజినల్ టి.సి. చేతుల్లోంచి పోయింది. అప్పట్లో టి.సి. ఇవ్వడమంటే తలుపు మూసి గడియ వేసినట్టే. ఇంకో కాలేజీలో చేరాలంటే మళ్లీ ఆ కాగితం కావాలి.

వారం తర్వాత రిజిస్ట్రేషన్ అని పిలిచారు. పెద్ద హాల్లో బల్లలు వేసి, ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పని. మొదటి బల్లలో ఫోటో, రెండో బల్లలో రసీదు, మూడో బల్లలో భాష. అక్కడ కూర్చున్నాయన నా కాగితం చూసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, “తంబీ, తెలుగు లేదు” అన్నాడు.

ఫారంలో ఉంది కదా అన్నాను. ఫారంలో ఉంటుంది, కానీ ఈ ఏడాది అడిగినవాళ్లు నలుగురే, నలుగురి కోసం సెక్షన్ నడపరు, ఇంకేదైనా రాయి అన్నాడు. తమిళం, హిందీ, సంస్కృతం, ఫ్రెంచి. మెనూ చెప్పినట్టు చెప్పాడు.

వెనకాల నిలబడిన కుర్రాడు “ఫ్రెంచి తీసుకో, స్కోరింగ్” అని నా చెవిలో ఊదాడు. అది నిజమే. మద్రాసులో ప్లస్ టూలోనో డిగ్రీలోనో ఫ్రెంచి, సంస్కృతం తీసుకున్నవాళ్లలో చాలామంది ఆ భాషల మీద ప్రేమతో కాదు, మార్కుల మీద ప్రేమతోనే తీసుకున్నారు. ఆ ఉపాయం తెలిసిన ఇళ్ల పిల్లలు వాళ్లు. మాకు ఎవరూ చెప్పలేదు.

నేను రాయలేదు. ఇక్కడ నన్ను మీరు భాషాభిమాని అనుకునేరు. కాదు. నాకు భయం వేసింది. పార్ట్ టూ ఇంగ్లీషు అంటేనే అప్పటికి కడుపులో తిప్పుతోంది, ఫిజిక్స్ పుస్తకం ఇంగ్లీషు, చుట్టూ ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు. వీటన్నిటి మధ్య నాకు నిద్రలోనైనా వచ్చే సబ్జెక్టు ఒక్కటే ఉంది, దాన్ని కూడా తీసేసి ఇంకో కొత్త అక్షరాలు నేర్చుకో అంటున్నారు. రేపు చెబుతానని వచ్చేశాను. బయట చెట్టు కింద మా నాయన టిఫిన్ క్యారియరు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

సంగతి చెప్పాను. ఆయనకు మొదట అర్థం కాలేదు. “ఫిజిక్స్ ఉండాది కదా?” అన్నాడు. ఉంది అన్నాను. “ఇంకేంది మరి?” అన్నాడు. ఆయన లెక్కలో మేజరు ఇంజను, మిగతావన్నీ పెట్టెలు. తెలుగు పెట్టె తగిలించకపోయినా బండి పోతుంది. బస్సులో ఇంటికొచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం “అదేందిరా, నలుగురుంటే మనుషులు కారా?” అన్నాడు. అది నాతో అన్న మాట కాదు. ఎవరితో అన్నాడో కూడా తెలియదు.

ఆ రాత్రి ఇంట్లో మళ్లీ సభ. పెదనాయన సంస్కృతం అన్నాడు. మా అమ్మ ఫ్రెంచి వద్దంటే వద్దంది, కారణం చెప్పలేదు. నేను తమిళమే తీసుకుని ఎట్లాగో రాయడం నేర్చుకుందామా అని కూడా అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అదే అన్నిటికన్నా తెలివైన పని. పుట్టి పెరిగిన ఊరి భాష, మూడేళ్లలో చక్కగా వచ్చేది. పద్దెనిమిదేళ్లవాడికి అంత తెలివి ఎక్కడిది.

రెండు రోజులకు బీచ్ రోడ్డుకు ఏదో పని మీద పోయిన పక్కవీధి కుర్రాడు వచ్చి, ప్రెసిడెన్సీలో మ్యాథ్స్ రెండో లిస్టులో నీ పేరుంది, ఎల్లుండి ఇంటర్వ్యూ అని చెప్పాడు. అనుకోకుండా కొన్న ఆ రెండో ఫారం!

ఇంటర్వ్యూ రోజు మా నాయన సెలవు పెట్టాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అణ్ణా స్క్వేర్ దగ్గర బస్సు దిగి నడిచాం. ఎర్ర ఇటుకల కాలేజీ, నడినెత్తిన గుమ్మటం, నాలుగు వైపులా గడియారం, ఎదురుగా సముద్రం. అంత పెద్ద కాలేజీలో ఫీజు ముందటి కాలేజీలో కట్టినదానికి ఏ మూలకూ రాదని, గవర్నమెంటు కాలేజీ అని గేటు దగ్గరే ఎవరో చెప్పారు. మా నాయన ముఖంలో ఆ ఉదయం మొదటిసారి వెలుతురు అప్పుడే చూశాను.

లోపల ముగ్గురు కూర్చున్నారు. లెక్కలు ఎందుకు చదవాలనుకుంటున్నావని అడిగారు. నేను ముందే తయారు చేసుకున్న జవాబు చెప్పాను, రామానుజన్ అని. ముగ్గురూ నవ్వారు. ముందటి డిసెంబరులోనే రామానుజన్ శతజయంతి అయింది, మద్రాసంతా ఆయన పేరే. “పొద్దుటినుంచి పదిహేనుమంది రామానుజన్లు వచ్చారు” అన్నారు నడిమి ఆయన. తరవాత, “ఆయన పచ్చయప్ప కాలేజీలో చేరి లెక్కలు తప్ప మిగతావన్నీ వదిలేసి ఎఫ్.ఏ. పరీక్ష తప్పాడు, తెలుసా? నువ్వు యాన్సిలరీ కూడా చదవాలి” అన్నారు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. నా రామానుజన్ పేపర్లో వచ్చిన అరపేజీ రామానుజనే.

వేరే కాలేజీలో ఫిజిక్స్ ఉందన్న సంగతి మా నాయన గుమ్మంలోంచే బయటపెట్టేశాడు. దాచుకోవడం ఆయనకు చేతకాదు. దాంతో నడిమి ఆయన ఇంకో కథ చెప్పారు. 1925లో చంద్రశేఖర్ ఈ కాలేజీలోనే చేరాడు, ఆయనకు లెక్కలంటే ఇష్టం, వాళ్ల నాన్నేమో ఫిజిక్స్ తీసుకోమన్నాడు, ఫిజిక్సులో పేరు రాయించుకుని వచ్చి లెక్కల క్లాసుల్లో కూర్చునేవాడు అని. “1983లో నోబెల్ వచ్చింది కదా, ఆయనే. నువ్వు తిరగేసి చెయ్యి. ఇక్కడ పేరు రాయించుకో, ఫిజిక్స్ యాన్సిలరీగా చదువు.” మళ్లీ కాగితం చూసి, “పార్ట్ వన్ తెలుగా? డిపార్ట్‌మెంట్ ఉంది. పో, మేడ మీద కనుక్కో” అన్నారు.

అంతే. ఇంటర్వ్యూ మొత్తం ఐదు నిమిషాలు. మూడు వారాలు వీధి వీధంతా తేల్చలేకపోయినది ఆ వాక్యంతో తేలిపోయింది. నోబెల్ నాకేమీ పట్టలేదు, రామానుజన్ కూడా పట్టలేదు. ‘తెలుగా? ఉంది’ అన్న మాటకు నా భుజాలు దిగాయి.

మధ్యాహ్నం దాకా కౌంటరు తెరవరు అన్నారు. రోడ్డు దాటి ఉళైప్పాళర్ సిలై, అంటే శ్రామికుల విగ్రహం దగ్గర కూర్చుని క్యారియరు విప్పుకున్నాం. నలుగురు మనుషులు పెద్ద బండరాయిని కదిలిస్తున్న విగ్రహం అది. 1959 నుంచీ అక్కడే ఉంది. పులిహోర, వడియాలు. వడియాలు మెత్తబడిపోయాయి. మా నాయన తింటూ తింటూ ఆ విగ్రహం చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. కండరాలు, పాదాలు, గునపం పట్టిన చేతులు అన్నీ దగ్గరగా చూశాడు. పోతపని బాగుందన్నాడు, ఎక్కడా అతుకు కనపడలేదన్నాడు. వెల్డరు మెచ్చుకోలు అది, అంతకన్నా పెద్దది ఉండదు. కూర్చుని చెయ్యి కడుక్కుంటూ “పొద్దుననగా వచ్చుండారు, ఇంకా అదే రాయి. ఏ షిఫ్టో ఏమో పాపం” అన్నాడు. ఆయన జోకులేసేది ఏడాదికి ఒకటో రెండో. నేను గట్టిగా నవ్వాను. ఎదురు బెంచీ మీద వేరుశనగలమ్మే ఆవిడ మా ఇద్దరినీ వింతగా చూసింది.

టి.సి. వెనక్కి తెచ్చుకోవడం ఇంకో భారతం. ఆ మొదటి కాలేజీవాళ్లు ఉత్తరం రాసివ్వమన్నారు, రాసిచ్చాం. తండ్రి సంతకం కావాలన్నారు, పెట్టాడు. ఇంగ్లీషులో పెట్టమన్నారు. మా నాయనకు వచ్చిన సంతకం ఒకటే, తెలుగులో, జీతం పుస్తకం మీద పెట్టేది. అదే పెట్టాడు, గుమాస్తా ఏదో గొణిగి ఊరుకున్నాడు. కాగితం ఇచ్చారు గానీ ఫీజులో సగం కూడా రాలేదు. రేపు రా, మాపు రా అని నాలుగుసార్లు తిప్పారు. ఆ డబ్బు కోసం మా నాయన ఎన్ని ఓవర్‌టైములు చేశాడో నాకు తెలుసు కాబట్టి ఇప్పటికీ ఆ గేటు ముందు నుంచి పోతే మొహం పక్కకు తిప్పుకుంటాను. ముప్పై ఏళ్లు దాటింది, ఆ గుమాస్తా ఎప్పుడో రిటైరై ఉంటాడు, అయినా సరే.

జులై మొదటి వారంలో క్లాసులు మొదలయ్యాయి. టైంటేబుల్ ఎక్కడో గోడకు అంటించారు, ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. మొదటి రోజు మ్యాథ్స్ క్లాసుకు సారు రాలేదు. ఇంగ్లీషు క్లాసు ఎక్కడో కనుక్కునేలోపు అయిపోయింది. నేను కూర్చున్న మొదటి కాలేజీ క్లాసు తెలుగు.

భాష క్లాసు మేజరు క్లాసులాగా ఉండదు. ఏ సబ్జెక్టువాడైనా పార్ట్ వన్ తెలుగయితే అందరినీ ఒకే గదిలో కలుపుతారు. ఆ గదికి పోతే పదకొండు మందిమి. ఫిజిక్స్ ఒకడు, కామర్స్ ఇద్దరు, హిస్టరీ, జువాలజీ, ఎకనామిక్స్, ఇలా తలా ఒక దిక్కు. మాస్టారు అటెండెన్సు తీసుకుంటూ ఒక్కొక్కరినీ ఏ ఊరని అడిగారు. చూలై, వ్యాసర్పాడి, చాకలిపేట, తిరుత్తణి, గుమ్మిడిపూండి, హోసూరు. తిరుత్తణి కుర్రాణ్ణి “మీ ఊరు 1960 దాకా ఆంధ్రాలోనే ఉండేదయ్యా” అన్నారు. వాడు తనకు తెలియకుండా ఏదో తప్పు చేసినట్టు నిలబడ్డాడు. హోసూరు కుర్రాడు మాట్లాడింది నాకు సగమే అర్థమైంది. నా మాట విని వాడు కూడా అదే అనుకున్నాడని తరవాత చెప్పాడు. కోమట్ల ఇంటి పిల్ల ఒకతె, వాళ్ల నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగట, గొప్ప చదువరి మాదిరి చదివేది, రాయమంటే ఒత్తులన్నీ ఎగిరిపోయేవి. అందరిదీ తెలుగే, ఏ ఇద్దరిదీ ఒకటి కాదు.

మాస్టారు ఆ రోజు పాఠం చెప్పలేదు. చిన్నయసూరి ఈ కాలేజీలోనే తెలుగు పండితుడుగా ఉన్నాడని, వీరేశలింగం పంతులుగారు కూడా కొన్నేళ్లు ఇక్కడ చెప్పారని అన్నారు. మేమందరం గోడలవైపు, కిటికీలవైపు భక్తిగా చూశాం. “ఈ గోడలు కాదర్రా, చిన్నయసూరి కాలానికి ఈ భవనం ఎక్కడిది, 1870లో కదా తెరిచింది” అని నవ్వారు. అదీ కాలేజీలో నేను విన్న మొదటి పాఠం. లెక్కల్లో తరవాత మూడేళ్లు ఎన్నో సిద్ధాంతాలు విన్నాను, పరీక్షలు పాసయ్యాను, ఆ డిగ్రీతోనే ఉద్యోగం వచ్చింది. అందులో ఎన్ని గుర్తున్నాయని అడిగితే మాత్రం మాట మార్చేస్తాను. ఆ పదకొండు మంది పేర్లు, కూర్చున్న వరసలు ఇప్పుడూ చెప్పగలను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా నాయన షిఫ్టు అయిపోయి వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతుల మీద నిప్పురవ్వల మచ్చలకు కొబ్బరినూనె రాసుకుంటున్నాడు.

“లెక్కల క్లాసు ఎట్టుండాది?” అన్నాడు.

“జరగలేదు నాయనా. తెలుగు క్లాసొకటే జరిగింది.”

“ఎంతమంది?”

“పదకొండు.”

నూనె రాసుకునే చెయ్యి ఆగింది. వేళ్ల మీద ఏదో లెక్క చూసుకున్నాడు. “పదకొండేనా? ముందటి చోట నలుగురని ఎత్తేసిరి కదా. ఈళ్లు ఎంతకి ఎత్తేస్తారంట?”

తెలియదన్నాను.

“రేపు పోయి కనుక్కో. అందాకా నువ్వు ఒక్క రోజు కూడా ఎగ్గొట్టబాక. మిగతా పదిమందికీ కూడా చెప్పు” అన్నాడు.

మర్నాడు పోయి చెప్పాను. చూలై కుర్రాడు అప్పటికే ఎగ్గొట్టి మెరీనా బీచికి పోయాడు.